గాజుకో ఊరు, ద్రాక్షకో ఊరు

మా అక్క కూతురి పెళ్లి. గాజుల కోసం లాడ్ బజార్ వెళ్లాం. చార్మినార్ నుంచి పడమటి వైపు తిరిగామో లేదో, రెండు పక్కలా మెరుపులే! ఓ కొట్లో రెండు జతలు చేతిలో పట్టుకుని తేల్చుకోలేక నిలబడ్డాను. రెండూ ఒకేలా మెరుస్తున్నాయి. ధర మాత్రం ఒకదానికి మూడింతలు ఇంకొకటి.

‘అది బయటి మాల్, బాజీ. ఇది మన గల్లీలో చేసింది’ అన్నాడు కొట్టాయన. తేడా ఏమిటో చెప్పండి భాయ్ అంటే, చెప్పకుండా ఓ కుర్రాణ్ని తోడిచ్చి పక్క గల్లీకి పంపాడు.

అక్కడ చిన్న గదిలో ఒకావిడ బొగ్గుల కుంపటి ముందు కూర్చుని ఉంది. రంగు కలిపిన లక్కను వేడిచేసి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, ఒక్కో రాయీ పొదుగుతోంది. లక్క మరీ మెత్తబడితే రాయి మునిగిపోతుంది. చల్లారితే అతుక్కోదు. ఆ రెంటి మధ్యా ఉన్న క్షణం ఆమె వేళ్లకే తెలుసు.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఇక్కడ చేసినవాటికే చెల్లుతుందని దానర్థం. ఇలా ఊరి పేరును చట్టంతో కాపాడుకోవడంలో ముందు నడిచింది వైన్ చేసే ఊళ్లే. మన వీధుల్లో ‘వైన్స్’ అని బోర్డున్న చోట వైన్ తప్ప అన్నీ అమ్ముడవుతాయి కాబట్టి, ఈ సంగతి మన చెవిన పడటం తక్కువ.

షాంపేన్ అనేది ఫ్రాన్స్‌లో ఒక ప్రాంతం. అక్కడి ద్రాక్షతో, అక్కడి పద్ధతిలో చేసిన నురగల వైన్‌కే ఆ పేరు. అయితే ఆ పేరు నిలబెట్టింది మట్టి ఒక్కటే కాదు. బార్బ్ నికోల్ క్లికోకు 1805లో, 27 ఏళ్ల వయసులో భర్త పోయాడు. వ్యాపారం ఆమే నడిపింది. అప్పట్లో సీసా అడుగున మడ్డి చేరి వైన్ మసకగా ఉండేది. చిల్లుల బల్లలో సీసాలను తలకిందులుగా గుచ్చి, రోజూ కాస్త కాస్త తిప్పుతూ మడ్డిని మూతి దగ్గరికి రప్పించే పద్ధతిని 1816 ప్రాంతంలో తన పనివాళ్లతో కలిసి కనిపెట్టింది. అదీ చేతి పనే!

అంత దూరం ఎందుకు, మన నాసిక్ చూడండి. తినే ద్రాక్షకు పేరుపడ్డ ఊరది. అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ 1997లో అక్కడ వైన్ రకాలు నాటాడు. కెర్రీ డామ్‌స్కీ అనే కాలిఫోర్నియా నిపుణుడు తోడయ్యాడు. 2000లో సులా వైన్ బయటికొచ్చింది. ఇప్పుడు ‘నాసిక్ వ్యాలీ వైన్’కూ జీఐ ఉంది.

మరి మన సంగతి? హైదరాబాద్‌కూ ఒక ద్రాక్ష ఉండేది. అనాబ్-ఎ-షాహీ, అంటే రాజుల ద్రాక్ష. వైన్‌కు కాదు, తినడానికే. లేతరంగు, పెద్ద పండు, విరగకాపు. నిజాం కాలంలో దాన్ని ఇక్కడికి తెచ్చినవాడిగా అబ్దుల్ బాఖర్ ఖాన్ పేరు చెబుతారు. నగరం చుట్టూ ఆ తోటలే ఉండేవి. నగరం పెరిగేకొద్దీ తోటలు ప్లాట్లయ్యాయి. దాన్నుంచే వచ్చిన దిల్‌కుష్ రకం బెంగళూరు వైపు పండుతోంది. మన ఎండ అలాగే ఉంది. తోటలో కత్తెర పట్టే మనిషే లేడు.

ఇదంతా ఆ గదిలోనే గుర్తొచ్చింది. ‘మీ అమ్మాయికి ఈ పని నేర్పారా ఆపా?’ అని అడిగాను.

‘అది చదువుకుంటోంది. ఈ పొగ దానికెందుకు, బాజీ?’ అంది, తలెత్తకుండా.

కాదనడానికి నా దగ్గర మాట లేదు. నా కూతురైతే నేనూ అదే అంటాను. ఊరి పేరుకు చట్టం కాపలా కాస్తుంది. కానీ ఆ పని చేసేవాళ్లకు పిల్లల్ని కూడా అందులోకి రమ్మని పిలవగలిగినంత కూలి గిట్టకపోతే, ఆ పేరు అనాబ్-ఎ-షాహీలా పుస్తకాల్లో మిగులుతుంది.

కొట్టుకు తిరిగొచ్చి ఖరీదైన జతే తీసుకున్నాను. ఎప్పుడూ బేరమాడే మా అక్క కూడా ఈసారి నోరెత్తలేదు.