అవమానం దానంతటది జరగదు

జిల్లా డెస్కులో పనిచేసినవాళ్లకు ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. రాత్రి ఎనిమిది దాటాక మండలాల నుంచి వచ్చే ఐటెమ్‌లలో కొన్ని మాటలు అచ్చు పోసినట్టు ఒకేలా ఉంటాయి. ‘మనస్తాపంతో’, ‘అవమాన భారంతో’, ‘పరువు పోయిందని’. తర్వాత ఏం జరిగిందో హెడ్డింగ్ చూడగానే తెలిసిపోతుంది. ఎందుకు జరిగిందో మాత్రం చివరి లైను దాకా చదివినా తెలియదు. కారణం రాయాల్సిన చోట ఈ మాట వచ్చి కూర్చుంటుంది. అది కూర్చున్నాక ఇంకెవరూ ఏమీ అడగరు.

నేను ఉద్యోగంలో ఉండగా వచ్చిన ఒక ఐటెం ఇంకా గుర్తుంది. చనిపోయినవాడు కౌలురైతు. ‘అప్పులవాళ్లు ఒత్తిడి చేయడంతో అవమాన భారంతో’ అని రాశాడు కంట్రిబ్యూటర్. ఫోన్ చేసి, ఒత్తిడి అంటే ఏం చేశారయ్యా అని అడిగాను. “ఏముంది మేడమ్, మామూలే” అన్నాడు. ఆ మామూలేదో చెప్పమంటే చెప్పాడు. ఇద్దరు మనుషులు పొద్దున్నే వచ్చి వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నారట. పొద్దుగూకేదాకా లేవలేదు. దారిన పోయేవాళ్లను పిలిచి మరీ బాకీ ఎంతో చెప్పారు. పండక్కి కొత్తల్లుడు వచ్చి ఉన్నాడు. మీ మామ సంగతి తెలుసా అని అతన్నే అడిగారు. ఇదంతా కంట్రిబ్యూటర్‌కి తెలుసు, ఊరందరికీ తెలుసు. తెలిసినదంతా రెండు మాటల్లోకి కుదించేసరికి మనుషులిద్దరూ మాయమయ్యారు, మంచమూ పోయింది, అల్లుడూ పోయాడు. మిగిలింది భారమొక్కటే. అదీ చనిపోయినవాడి నెత్తి మీదే.

చట్టాలు రాసేవాళ్లకు ఈ మంచం సంగతి బాగానే తెలుసు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చినప్పుడు, వాయిదాలు పంచాయతీ ఆఫీసు దగ్గరే కట్టించుకోవాలని, బలవంతపు వసూళ్లకు దిగితే శిక్ష తప్పదని రాశారు. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇంకో అడుగు ముందుకేసింది. వసూలు ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదు, నలుగురిలో పరువు తీసే పనులు చేయకూడదు, బాకీదారు బంధువులను, స్నేహితులను ఇబ్బంది పెట్టకూడదు అని బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు చెప్పింది. అంటే అవమానం ఒకరు చేసే పని అని, అది ఆపదగిన పని అని రిజర్వు బ్యాంకుకు అర్థమైంది. మన పత్రికల తెలుగులో అదింకా వడగాలిలాగా దానంతటదే వచ్చి మనిషికి తగులుతోంది.

ఈ మాటల తేడా నిఘంటువులో కంటే వాటి పక్కన చేరే క్రియల్లో బాగా తెలుస్తుంది. సిగ్గు ‘పడతాం’. ఎవరికి వాళ్లే పడాలి, ఒకరి తరఫున ఇంకొకరు చేసిపెట్టే వీల్లేదు. అవమానం ‘చేస్తారు’. చెయ్యడానికి అవతల ఒకరుండాలి. పరువు ‘పోతుంది’, లేదా ‘తీస్తారు’. అది మన పేరు మీదే ఉంటుంది గానీ ఉండేది నలుగురి దగ్గర. నామోషీ ‘అనిపిస్తుంది’. డిగ్రీ చదివి పొలం పనికి పోవాలంటే అనిపించేది అదే. అక్కడ తప్పూ లేదు, అవమానించినవాడూ లేడు. తలవంపులు ‘తెస్తారు’, అదీ ఎక్కువగా ఆడపిల్లలే తెస్తారు. కొడుకు తెచ్చిన తలవంపుల మీద హెడ్డింగ్ పడగా నేను చూసిన గుర్తు లేదు.

కోపంలో ‘నా సిగ్గు తీశావు కదరా’ అనడం లేదా అని ఎవరైనా అడగొచ్చు. అంటాం. కానీ అక్కడ పోయింది పరువే. తెలంగాణలో ఆ తికమక కూడా ఉంచుకోరు, ‘ఇజ్జత్ తీసిండు’ అని సూటిగా అనేస్తారు. ‘సిగ్గూ శరం లేదు’ అని తిట్టేటప్పుడు మాత్రం ఒకటే సరుకును రెండు భాషల్లో తూచి ఇస్తారు, ఎక్కడ తక్కువవుతుందోనని.

సిగ్గుపడాలంటే చేసిన తప్పు ఒకటుండాలి, అది తప్పని తనకే తెలియాలి. (కొత్త పెళ్లికూతురి సిగ్గు వేరు, దాన్ని ఇందులోకి లాగొద్దు.) పంట పోయి బాకీ తీర్చలేకపోయినవాడు ఏ తప్పు చేశాడని సిగ్గుపడాలి? అతనికి జరిగింది అవమానం. చిక్కేమిటంటే రెండింటికీ ముఖం ఒకేలా మాడిపోతుంది, తల ఒకేలా దిగుతుంది. చూసేవాడికి తేడా తెలియదు. ఒక్కోసారి పడేవాడికే తెలియదు, తనకు జరిగినదాన్ని తాను చేసినదిగా అనుకుని లోపల కుమిలిపోతాడు. రాసేవాడికైనా తెలియకపోతే ఎలా?

తెలుగు పత్రికలకు ఇది చేతకాని పనేం కాదు. ఒక మాట విషయంలో చేసి చూపించాయి కూడా. ఒకప్పుడు ‘మానభంగం’ అని రాసేవారు. భంగపడింది ఎవరి మానం? ఆమెది. చేసినవాడికి ఆ మాటలో చోటే లేదు. ఇప్పుడు ‘అత్యాచారం’ అంటున్నాం. హద్దు దాటిన నడత అది, దాటినవాడిదే ఆ మాట. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఒక పేద ముస్లిం స్త్రీ మీద పోలీసులు అఘాయిత్యం చేశారు. వాళ్ల దెబ్బలకు ఆమె భర్త, రిక్షా కార్మికుడు, ప్రాణాలొదిలాడు. నగరం అట్టుడికిపోయింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు విచారణ జరిగితే, ఆమె నడవడి మంచిది కాదని నిరూపించడానికే పోలీసుల తరఫువాళ్లు పాటుపడ్డారు. కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు రాయచూరు కోర్టుకు బదిలీ అయ్యాక వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆమె పేరు మాత్రం అందరి నోళ్లలో నలిగింది. బాధితురాలి పేరు బయటపెడితే నేరమన్న ఐపీసీ సెక్షన్ 228-ఏ 1983లో గానీ రాలేదు.

ఆ చట్టం కావలసిందే. అయితే పేరు దాచడం అలవాటైపోయి, దాచుకోవలసింది ఆమే అన్న భావం మనలో పాతుకుపోయింది. ఫ్రాన్స్‌లో జిజెల్ పెలికో దీన్నే తిరగేసింది. భర్త ఏళ్ల తరబడి ఆమెకు మత్తుమందు పెట్టి పరాయి మగవాళ్లను పిలిపించాడు. 2024లో అవిన్యోన్ కోర్టులో విచారణ మొదలైనప్పుడు తలుపులు తెరిచి ఉంచమని, అందరూ వినాలని ఆమె పట్టుబట్టింది. సిగ్గు తన వైపు నుంచి అవతలివాళ్ల వైపుకు మారాలంది. డిసెంబరులో 51 మందికీ శిక్షలు పడ్డాయి, భర్తకు 20 ఏళ్లు. వాళ్లలో చాలామంది, భర్తే రమ్మన్నాడు కదా, మాకేం తెలుసు అనే వాదించారు. కోర్టు శిక్ష వెయ్యగలదు, సిగ్గు మాత్రం తెప్పించలేదు. అది వాళ్లే పడాలి, పడలేదు. కానీ ఆమె తనది కాని సిగ్గును ఇక మొయ్యనని నిండు కోర్టులో చెప్పేసింది. నా లెక్కలో అది చిన్న విషయం కాదు.

ఇక ‘పరువు హత్య’. ఈ మాట నాకు మొదటి నుంచీ గిట్టదు. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో, గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న దళిత యువకుణ్ణి కిరాయి మనిషితో నరికించారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. దాన్ని ‘పరువు హత్య’ అంటే, చంపించినవాడి దగ్గర పరువనేదొకటి ఉందని, అది పోతుంటే కాపాడుకున్నాడని మనమే ఒప్పుకున్నట్టు. దళిత సంఘాలు ‘కుల దురహంకార హత్య’ అనమని అడుగుతూనే ఉన్నాయి. మాట పొడుగు, హెడ్డింగులో పట్టదు అంటారు డెస్కులో. ‘కుల హత్య’ అనండి, అక్షరం మిగులుతుంది కూడా.

చోటు చాలదన్న మాట నేను ఒప్పుకోను. ఆత్మహత్య వార్తల్లో చనిపోయినవాడు ఏ విధంగా చనిపోయాడో వర్ణించవద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలిచ్చింది. అది మానేస్తే రెండు లైన్లు దొరుకుతాయి. ఎవరి పేర్లూ పెట్టమనడం లేదు, కేసు తేలేదాకా పెట్టకూడదు కూడా. ఎవరో వచ్చారు, వాకిట్లో కూర్చున్నారు, అల్లుడి ముందు నిలదీశారు అని రాస్తే చాలు. ఆ పక్క కాలమ్‌లోనే పాలకపక్షం తీరు సిగ్గుచేటని ప్రతిపక్షం, ప్రతిపక్షం తీరు సిగ్గుచేటని పాలకపక్షం రోజూ ఇచ్చే ప్రకటనలు రెండుంటాయి. అవి ఆపితే ఇంకో ఆరు లైన్లు.