స్కూలు నుంచి ఫోను వస్తే

సెప్టెంబరు రాగానే పిల్లల పుస్తకాల సంచుల్లోంచి కాగితాలు రాలడం మొదలవుతుంది. వాటిలో ఒకటి ఏటా వచ్చేదే. మీ పిల్లవాడికి జబ్బు చేసి, మీరు ఫోనుకు దొరక్కపోతే ఎవర్ని పిలవమంటారు అని అడిగే కాగితం. మేము ఏటా అందులో ఒక మిత్రుడి పేరు రాసి పంపేవాళ్ళం. ఆయన ఉద్యోగం మా స్కూలుకు నలభై మైళ్ళ దూరంలో. ఆయన పిల్లల కాగితంలో మా పేరు ఉండేది. ఇలా ఒకరి నొకరు నమ్ముకుని హాయిగా ఉన్నాం. ఆ నమ్మకం పాటి ఏమిటో 2009 మే నెలలో తేలింది.

ఆ ముచ్చటకు ముందు క్వీన్స్ లో జరిగినది చెప్పాలి. ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్ళివచ్చే మనవారికి ఫ్రెష్ మెడోస్ కొత్త ప్రదేశం కాదు. అక్కడ సెయింట్ ఫ్రాన్సిస్ ప్రిపరేటరీ అని పెద్ద హైస్కూలు ఉంది. అప్పట్లో సుమారు 2,700 మంది విద్యార్థులు. వసంతం సెలవుల్లో వారిలో కొందరు మెక్సికో వెళ్ళి వచ్చారు. 2009 ఏప్రిల్ 23, గురువారం నాడు నర్సు మేరీ పాపస్ గారి గది ముందు పిల్లలు బారులు తీరారు. జ్వరం, గొంతు నొప్పి, ఒళ్ళు నొప్పులు. వందమంది దాకా తేలారు. పడిశం పదిరోగాల పెట్టు అని మన పెద్దలు అన్నా, పడిశమే కదా అని తోసిపుచ్చడమే లోకంలో ఎక్కువ. ఆవిడ అలా తోసిపుచ్చక నగర ఆరోగ్యశాఖకు ఫోను చేసింది. కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లలకు కొత్తరకం స్వైన్ ఫ్లూ సోకిందని ఆ వారంలోనే ప్రభుత్వం ప్రకటించి ఉంది. మరునాడు ఆరోగ్యశాఖవారు వచ్చి పిల్లల ముక్కుల్లోంచి నమూనాలు తీసుకుపోయారు. అనుమానం నిజమే అయింది. వారాంతం గడిచాక స్కూలు తెరవలేదు. అంతా కడిగి తుడిచి మే 4న తెరిచారు.

ఆ పిల్లల్లో చాలామందికి జబ్బు తేలికగానే పోయింది. కాని మే 17న క్వీన్స్ లోనే మరొక స్కూలు అసిస్టెంటు ప్రిన్సిపాలు ఒకాయన ఆ ఫ్లూతోనే మరణించాడు. ఎవరికి తేలికో ఎవరికి కాదో ముందుగా చెప్పగలవారెవరు?

స్కూళ్ళు మూయాలా వద్దా అన్నది పై అధికారులకే అంతుపట్టలేదు. ఒక్క కేసు తేలినా 14 రోజుల దాకా మూసే ఆలోచన చెయ్యమని మే 1న అట్లాంటాలోని సి.డి.సి. వారు చెప్పారు. మే 5న, అక్కర్లేదు, జబ్బు చేసిన పిల్లల్ని ఇంట్లో ఉంచితే చాలునన్నారు. నవ్వుకున్నవారున్నారు. మాకు మాత్రం అది తప్పుగా తోచలేదు. జబ్బు స్వభావం తెలిసేకొద్దీ మాట మార్చుకోవడం వైద్యుల పనే.

ఇక మా సంగతి. ఆ నెలలోనే ఒకరోజు పదకొండు గంటలకు స్కూలు నుంచి ఫోను. మీవాడికి జ్వరం, వెంటనే తీసుకువెళ్ళండి అని. మా శ్రీమతి ఆసుపత్రిలో డ్యూటీలో ఉంది. మేము మీటింగులో, ఫోను కోటు జేబులో, కోటు వేరే గదిలో. మిత్రుడు ఊళ్ళోనే లేడు. ఇంట్లో మా అమ్మగారు ఉన్నారు. ఆవిడకు కారు రాదు, ఇంగ్లీషు రాదు. పిల్లవాడు మూతికి గుడ్డ కట్టుకుని నర్సు గదిలో మూడు గంటలు కూర్చున్నాడు.

ఇంకొక సంగతి ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. ఆ రోజు పొద్దున్నే వాడి ఒళ్ళు వెచ్చగా ఉందని మాకు తెలుసు. లెక్కల పరీక్ష ఉందని టైలెనాల్ పట్టి పంపింది మేమే. ఏడాది పొడుగునా ఒక్కరోజు కూడా మానలేదని ఇచ్చే సర్టిఫికెట్టు మీద మనవారికున్న మోజు పాఠకులకు తెలియనిది కాదు. ఆ ఆగస్టులో సి.డి.సి. వారు స్కూళ్ళకు పంపిన సూచనల్లో ఒక వాక్యం మమ్మల్నే ఉద్దేశించి రాసినట్లు అనిపించింది. జ్వరం తగ్గించే మందు వెయ్యకుండా, జ్వరం లేకుండా 24 గంటలు గడిస్తేనే పిల్లవాణ్ణి స్కూలుకు పంపండి అని.

వాడికి వచ్చింది ఆ ఫ్లూయో, మామూలు జ్వరమో పరీక్ష చెయ్యలేదు. నాలుగు రోజుల్లో లేచి తిరిగాడు. ఆ నాలుగు రాత్రులూ వాడి పక్కన పడుకున్నది మా అమ్మగారు. వయస్సు డెబ్బై దాటింది, చక్కెర జబ్బు, విజిటర్ వీసా, ఇన్స్యూరెన్సు లేదు. వద్దంటే వింటుందా? ఏమీ కాలేదు, అది మా ఘనత కాదు.

ఆ శరదృతువులో టీకాకు అనుమతి కాగితం కూడా వచ్చింది. న్యూయార్కులో స్కూళ్ళలోనే వేశారు. చిన్నప్పుడు మశూచి టీకాలవాళ్ళు బడికి వచ్చారంటే గోడదూకి పారిపోయిన మేము, కలం పట్టుకుని రెండు రోజులు ఆలోచించాం. 1976లో స్వైన్ ఫ్లూ వస్తోందని ఈ దేశంలో 4 కోట్లమందికి పైగా టీకా వేసి, కొందరికి నరాల జబ్బు రావడంతో డిసెంబరులో ఆపివేసిన కథ విని ఉన్నాం మరి. చివరకు సంతకం పెట్టాం.

1918 నాటి పెద్ద ఫ్లూలో సెయింట్ లూయిస్ స్కూళ్ళు మూసింది. న్యూయార్కు మూయలేదు. ఆరోగ్య కమిషనరు రాయల్ కోప్లాండ్, పిల్లల ఆరోగ్యశాఖ నడిపిన డాక్టరు జోసెఫీన్ బేకర్, ఇరుకు కొంపల్లో కన్న గాలీ వెలుతురూ ఉన్న బడే మేలని వాదించారు. రోజూ పొద్దున్నే పిల్లల్ని పరీక్షించి, నలతగా ఉన్నవారిని ఇంటికి పంపేవారు. ఇదంతా ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నారన్న ధైర్యం మీద నడిచే పద్ధతి. 2020 మార్చి 16న కోవిడ్ కు న్యూయార్కు స్కూళ్ళు మూసినప్పుడు ఆ ధైర్యం ఎందరికి లేదో బయటపడింది. స్కూలు భోజనం మీద ఆధారపడ్డ పిల్లలకు పొట్లాలు కట్టి ఇవ్వవలసి వచ్చింది.

వచ్చే నెల మన సమావేశంలో కాఫీ బల్ల పక్కన ఒక కాగితం పెడుతున్నాం. పగటిపూట ఇంట్లో ఉండేవారు, కారు నడిపేవారు, స్కూలుకు పది మైళ్ళలోపు ఉన్నవారు పేరు, ఫోను నంబరు రాయగలరు. మిత్రుడి పేరూ మా పేరూ అందులో ఉండవు.