వెట్టియు సేవయు

మన ప్రాంతపు ముదుసలులు "వెట్టి" యను మాటను నేటికిని మెల్లగానే పలుకుదురు. వెట్టి యనగా కూలిలేని పని మాత్రమే కాదు. పిలిచిన వేళ పోవలెను, ఎంతసేపని యడుగరాదు, రాననుటకు నోరు లేదు. ఒకడు దొరగారి మూటను మోసికొని పొరుగూరికి నడచెననుకొందము. వాడే మరునాడు జబ్బుపడిన పొరుగువానిని మంచముతోగూడ భుజముమీద నెత్తుకొని, అదే బాటను వైద్యునియొద్దకు నడచెననుకొందము. బాట యొకటే, భుజ మొకటే. అయినను మొదటిది దాస్యము, రెండవది స్వాతంత్ర్యము. క్రైస్తవ స్వాతంత్ర్యమన నేమో తెలిసికొనుటకు ఈ భేదమును గ్రహించిన చాలునని నా యభిప్రాయము.

చట్టము బలమెంతో, దాని మేర యెంతో మునగాలవారికి బాగుగా తెలియును. పూర్వము ఈ పరగణా మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెంది, చుట్టును నిజాము రాజ్య ముండగా, నడుమ దీవివలె నుండెను. పొలిమేర దాటినచో ప్రభుత్వము మారును, న్యాయస్థానము మారును. వెట్టి మాత్రము ఆవలను నుండెను, ఈవలను నుండెను. తుదకు ఇరువైపుల రైతులును దాని కెదురు నిలిచిరి. 1948లో మద్రాసు ప్రభుత్వము జమీందారీలను రద్దుపరచు చట్టము చేసెను. 1949లో హైదరాబాదు రాజ్యమున జాగీరులు రద్దయ్యెను. 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను, 23వ అధికరణముచే వెట్టిని నిషేధించెను. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చెను. ఇట్టి చట్టములను చులకనగా మాటలాడువాడు కాడి మోసినవాడు కాడు. "మేము కృప క్రింద నున్నవారము, చట్టముతో మాకేమి పని?" యనుట పొరుగువాని మెడమీది బరువును చూడనివాని మాట.

అయినను చట్టము చేయజాలని పని యొకటి గలదు. బావియొద్దనుండి నిన్ను తరిమినవానిని అది శిక్షింపగలదు. కాని వానిచేత "రమ్ము తమ్ముడా, మా యింట భోజనము చేయుము" అనిపింపజాలదు. చేతిని పట్టి యాపుట చట్టమునకు సాధ్యము. హృదయమును మార్చుట కృపకే సాధ్యము.

గలతీయులకు వ్రాసిన పత్రికలో అపొస్తలుడైన పౌలు వాదించిన సంగతి యిదియే. ధర్మశాస్త్రము చెడ్డదని యాయన చెప్పలేదు. దానిని బాలశిక్షకునితో పోల్చెను. శిక్షకుడు పిల్లవానిని చేయిపట్టి నడిపించును. కాని అతడు తండ్రి కాడు. ఆ పత్రికలోనే అంతియొకయలో జరిగినదియు నున్నది. పేతురు అన్యజనులలోని విశ్వాసులతో కలిసి భుజించుచుండెను. యాకోబునొద్దనుండి కొందరు రాగానే భయపడి వారితో భోజనము మానెను. పౌలు అందరి యెదుట ఆయనను గద్దించెను. చూడుడు, కృపనుగూర్చిన యంతటి వాదము అన్నపు పంక్తియొద్ద పుట్టినది!

మన తెలుగునాటను ఇట్టి పరీక్ష జరిగినది. 1866లో ఒంగోలునకు వచ్చిన అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారి బోధ విని పెక్కురు మాదిగలు విశ్వాసులైరి. ఆదివారమున పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు అని వారికి మూడు నియమము లుండెను. ఇవి సంకెళ్లుగా కొందరికి తోచవచ్చును. కాని వారమున కేడు దినములును ఊరి పిలుపునకు కట్టుబడియున్న వానికి, "ఈ యొక్క దినము నాది" యనుటయే విడుదల. అందుచేతనే ఊరిపెద్దలకు కోపము వచ్చెను.

తరువాత 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. క్లౌ గారు బకింగుహాము కాలువలో కొంత భాగము త్రవ్వించు పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు నిచ్చిరి. వేలకొలది బాప్తిస్మము కోరిరి. కరవు సహాయము సాగినంతకాలము ఆయన బాప్తిస్మ మియ్యలేదు. కృపను గింజలతో కలిపి కొలువరాదని ఆయన భావము. కరవు తీరిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కృప కూలి కాదు, వెలయిచ్చి కొనదగినదియు కాదు.

ఇప్పుడు మన సంగతి విచారింతము. ఒకనాడు విడుదల నిచ్చిన నియమము, తాను పుట్టిన కారణమును మరచినచో మరల కాడి యగును. ఆదివారము గుడికి రానివానిని వేలెత్తి చూపుదుము. కాని అదే గుడిలో మాల క్రైస్తవులును మాదిగ క్రైస్తవులును ఎన్ని యూళ్లలో వేరువేరుగా కూర్చుండుటలేదు? ఎన్ని యిండ్లలో వియ్యమనగానే కులము గుర్తునకు వచ్చుటలేదు? అంతియొకయలో విడిపోయిన పంక్తి మన యూళ్లలో నేటికిని కలియలేదు. ఇది మనలను వేరొకరు పెట్టిన వెట్టి కాదు, మనకు మనమే పెట్టుకొనినది. దీనిని తీర్చుటకు క్రొత్త చట్టముకొరకు కనిపెట్టనక్కరలేదు. ఒక విస్తరి వేసి పొరుగువానిని పిలిచిన చాలును.

విద్యార్థులారా, బెత్తము లేనిచో బడి నడచునా యని పెద్దలు కొందరు అడుగుచుందురు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బడిలో కొట్టుటను నిషేధించినది, అది మేలే. అయితే బెత్తము పోయినంత మాత్రమున మీరు స్వతంత్రులు కారు. ఉపాధ్యాయుడు గదినుండి వెలుపలికి పోయినప్పుడు మీరు చేయు పనియే మీ స్వాతంత్ర్యమునకు కొలత. అల్లరి చేసినచో, మిమ్ము ఇంతవరకు నిలిపినది భయమే యని తేలును. వెనుకబడిన తోటివానికి లెక్క నేర్పినచో, ఎవరును ఆజ్ఞాపింపని పనిని చేసినవా రగుదురు.

తల్లిదండ్రులకును నాదొక మనవి. పిల్లలకు నియమములు నేర్పుడు; వారు చిన్నవారు, చేయిపట్టువా డొకడు వారికి కావలెను. కాని ఆ నియమముల వెనుక నున్న ప్రేమ మీ యింటి పంక్తియందు వారికి కనబడవలెను. మన తాతలు వెట్టి మోసిరి. దానినుండి విడుదల పొందిన మనము మన యిచ్ఛచొప్పున ఒకరి భారము నొకరము మోయుదము.