ఉచ్చు నక్కకేనా?

"మాల మాదిగల పత్రికలో నక్కల గోల ఏందయ్యా?" అని అడిగేవాళ్లు ఉంటారు. కూలి రేట్లున్నాయి, శ్మశానం దారి ఉంది, హాస్టలు పిల్లల అన్నం ఉంది. ఇన్ని పెట్టుకొని గుంటనక్కల గురించి రాస్తారా అంటారు. అడగనీండి. వాళ్లకి మనం చెప్పేది ఒకటే. ఉచ్చు ఎవడు పన్నించాడో, ఎవరి నేలలో పన్నించాడో, రేపు కేసు ఎవరి మెడకి చుట్టుకుంటుందో చూడండి. చూసినాక ఇది నక్కల గోలో మన గోలో మీరే చెప్పండి.

సీమ మెట్టపొలాల్లో బతికేవాళ్లకి గుంటనక్క కొత్త కాదు. గుంటలు తవ్వుకొని ఉంటుంది గనకే దానికా పేరు. మూడు కిలోల ప్రాణి, తోక కొస నలుపు. పెద్ద అడవి దాని ఇల్లు కాదు. బీడు, గడ్డినేల, చేనిగట్టు, ఇవే దాని ఇల్లు. రోళ్లపాడు బట్టమేక పిట్టల గడ్డిబీళ్లలోనూ అది ఉంది. ఎలకలు, చెదలు, మిడతలు, పురుగులు తింటుంది. రేగుపండ్లు తిని గింజలు ఊరంతా చల్లి వస్తుంది. శనక్కాయ చేలో ఎలక ఎంత నష్టం చేస్తుందో రైతుకి తెలుసు. ఆ ఎలకని తినే నక్క రైతుకి శత్రువెట్లా అయింది?

ఇంకో సంగతి కూడా చూడండి. నల్లరేగడి ఎవరి చేతిలో ఉంది? చెరువు కింద మడి ఎవరిది? మనకిచ్చిన డి.కె.టి. పట్టాలు ఎక్కడున్నాయి? రాళ్లగుట్ట వాలులో, వంక పక్కన, ఊరికి ఆఖర్న. మంచి నేలలోంచి మనల్ని వెలేశారు, నక్కనీ వెలేశారు. ఇద్దరమూ పోయి పోయి ఆ బీటిలోనే పడ్డాం. అందుకే అది మనకి పొరుగు. ఇప్పుడు ఆ మిగిలిన బీడు మీద కూడా ఆసామి కన్ను పడింది.

మా వాడ చేల పక్కన ఒక ఆసామి తోట ఉంది. పేరు రాయటం లేదు. ఇట్లాంటోడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు గనక పేరుతో పని లేదు. నాటుకోళ్లు పెట్టాడు, నక్కలు ఎత్తుకుపోతున్నాయని ఉచ్చులు పన్నించాడు. తన తోటలోనా? కాదు. కంచె దాటి, వంక దాటి, మన చేనిగట్టు మీద, నక్క గుంటల నోటికాడ. మోటారు సైకిలు క్లచ్చి వైరు ముడేసి మేకుకి కట్టారు. మాఘం, ఫాల్గుణం పిల్లలు పెట్టే కాలం. తల్లి ఉచ్చులో గింజుకొని చస్తే గుంటలో పిల్లలు పాలు లేక చస్తాయి.

ఉచ్చుకి కళ్లుండవు. మేకపిల్ల కాలేదో, కట్టెలకి పోయిన ఆడబిడ్డ కాలేదో దానికి తెలియదు. కొన్ని ఊళ్లలో ఉచ్చుతో ఆగటంలేదు, తీగ పరిచి దొంగ కరెంటు ఇస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా అడవిలో జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబులే చచ్చిపోయాడు. తుపాకీ పట్టుకున్నోడికే దిక్కు లేకపోతే, తెల్లారకముందే చెంబు పట్టుకొని పోయే మన ముసలమ్మకి దిక్కెవరు?

ఉచ్చు పడ్డాక మూడు పనులు జరిగాయి. మన మేకలు ఆ పక్కకి పోవటం మానేశాయి. మన ఆడోళ్లు ఆ గట్టు మీద గడ్డి కోయటం మానేశారు. వంక దాకా ఉన్న జాగా తనదేనన్నట్టు ఆసామి నడవటం మొదలుపెట్టాడు. రాళ్లు పాతలేదు, సర్వే చేయలేదు, కోర్టుకి పోలేదు. నాలుగు క్లచ్చి వైర్లతో హద్దు జరిపాడు! నక్క తోక తొక్కినోడికి అదృష్టం అంటారు. తోక తొక్కింది ఆసామి, ఉచ్చు తొక్కింది మనం.

అడిగితే ఏమంటాడు? "నా కోళ్లు పోతే నువ్విస్తావంట్రా?" అంటాడు. కోడి పోతే నష్టమే, కాదనం. మన వాడలోనూ కోళ్లున్నాయి, మనవీ పోతాయి. మనం పొద్దుగూకితే గంప కింద మూస్తాం. తోట చుట్టూ కంచె వేసుకున్నోడికి కోళ్లకొక జాలీ గూడు కట్టటానికి డబ్బు లేదా?

చట్టం ఏమంటుందో వినండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వేట అంటే తుపాకీతో కాల్చటమే కాదు. ఉచ్చు పన్నటం, వల వేయటం, విషం పెట్టటం, ఆ ప్రయత్నం చేయటం కూడా వేటే. 2022లో సవరించిన ఆ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం గుంటనక్కా, పెద్ద నక్కా మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటిని చంపితే మూడేళ్లకి తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకి తగ్గకుండా జరిమానా. కోళ్లు తిన్నదని, పంట తొక్కిందని మొదటి షెడ్యూలు జంతువుని చంపటానికి పెద్ద అధికారి కూడా అనుమతి ఇవ్వటానికి లేదు.

మరి ఇంత చట్టం ఉంటే ఆసామికి భయమెందుకు లేదు? ఎందుకంటే ఉచ్చు కట్టింది ఆసామి చేతులు కావు. కట్టింది పాలేరు. వాడు మనోడే. గార్డు వస్తే పాలేరుని పట్టుకుంటాడు. లేదా వంక పక్కన గుడిసె వేసుకున్న యానాదినో, ఎరుకలాయననో లాక్కుపోతాడు. కులం పేరులోనే నక్క ఉన్న నక్కలోళ్లు కనబడితే ఇంక విచారణే అక్కర్లేదు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్నారు. మన ఊళ్లలో దొర ఎప్పుడూ దొరకడు. దొరికేది మనమే. కానీ అదే చట్టం 52వ సెక్షను చదవండి. చేయించినోడూ చేసినోడితో సమానమే. పాలేరుని ముద్దాయిని చేయటం కాదు, సాక్షిని చేయాలి.

"పశువులకంటే హీనంగా చూశారు గదా మనల్ని, ఇప్పుడు జంతువుల కోసం కొట్లాడాలా?" అని మన కుర్రోళ్లు అడుగుతున్నారు. మంచి ప్రశ్న. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగాడు. పశువులు తాగే ఆ చెరువులో మనుషులమైన మనల్ని తాగనివ్వలేదు. ఆయన కొట్లాడింది పశువులు తాగుతున్నందుకు కాదు. ఎవరూ పుట్టించని నీళ్లకి నేనే యజమానినన్న కులంతో కొట్లాడాడు. ఆ యజమానే ఇవాళ వంకా నాదే, గట్టూ నాదే, గుంటా నాదే అంటున్నాడు. అప్పుడు నీళ్లు, ఇప్పుడు బీడు. మనిషి మారలేదు!

అన్నలారా, అక్కలారా, చేయాల్సిన పని ఇది.

ఉచ్చు కనబడితే ఒంటరిగా పోయి పీకొద్దు. చచ్చిన నక్కని ముట్టొద్దు. చేతిలో పట్టుకుంటే దొంగవి నువ్వే అవుతావు. పదిమంది పోండి, ఫొటో తీయండి, అటవీ సిబ్బందిని పిలిచి పంచనామా రాయించండి. తీగ అయితే దగ్గరికి పోవద్దు, లైన్‌మ్యాన్‌ని పిలిచి కరెంటు తీయించండి. దొంగ కరెంటుకి 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షను వేరే ఉంది.

కంప్లయింటు కాగితం మీద ఇవ్వండి, రసీదు తీసుకోండి. కదలకపోతే 60 రోజుల నోటీసు ఇచ్చి మామూలు మనిషే కోర్టుకి పోవచ్చని వన్యప్రాణి చట్టం 55వ సెక్షను చెబుతోంది. జరిమానా కట్టించి రాజీ చేస్తామంటే ఒప్పుకోవద్దు. కనీస శిక్ష ఉన్న నేరానికి రాజీ లేదు.

ఉచ్చు మన పట్టా చేలో ఉంటే అది నక్క కేసు ఒక్కటే కాదు. దళితుల భూమి హక్కుకి అడ్డం రావటం అట్రాసిటీ చట్టం 3(1)(జి) కింద నేరం. రెండు కేసులూ పెట్టించండి. వంక పోరంబోకు ఆక్రమిస్తే ఎమ్మార్వో ముందు కూర్చోండి. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయమని 2011 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది.

మన గట్టు మీద గుంటలు ఉండనిద్దాం. వాటికాడికి పిల్లల్నీ కుక్కల్నీ పోనివ్వకుండా చూద్దాం. ఆ గట్టు మనదని చెప్పటానికి అదీ ఒక గుర్తే. నక్క తిరిగే బీటిలో మన మేక తిరుగుతుంది, మన ఆడబిడ్డ భయం లేకుండా నడుస్తుంది. నక్కకి చోటులేని ఊళ్లో రేపు మనకీ చోటుండదు.

పన్నించినోణ్ణి బోనెక్కిద్దాం. జై భీమ్!