వచ్చిపోవు నొప్పి

అప్పుడప్పుడు వచ్చి తనంతట తానే తగ్గిపోవు నొప్పికి వైద్యుని దర్శింపవలెనా, అక్కరలేదా? ఏ చిన్న నొప్పికైనను వెంటనే ఆసుపత్రికి పోవలెనని చెప్పుట సులభము. కాని దినకూలిపై బ్రతుకువానికి ఆసుపత్రికి పోవుట యనగా ఒకనాటి కూలిని కోల్పోవుట. అట్టివానికి ఏ నొప్పి విషయమున ఆగవచ్చునో, ఏ నొప్పి విషయమున ఆగరాదో తెలుపుటయే న్యాయము.

“తగ్గిపోయినది గదా, ఇంకేమి!” అని మనవారు తరచుగా అందురు. తగ్గిపోవుట నిరపాయమునకు సాక్ష్యము కాదు. 1768లో ఆంగ్లవైద్యుడు విలియం హెబర్డెన్ లండన్‌లోని వైద్యకళాశాలయందు ఒక రొమ్మునొప్పిని వర్ణించెను. అది నడచునపుడు, ముఖ్యముగా ఎత్తు ఎక్కునపుడు వచ్చును, నిలిచినంతనే మాయమగును. గుండెకు రక్తమును గొనిపోవు నాళములు ఇరుకైనపుడు, శ్రమవేళ గుండెకు కావలసిన రక్తము చాలక ఈ నొప్పి కలుగునని నేడు మనకు తెలియును. విశ్రాంతితో తగ్గుటయే ఇందు వ్యాధిలక్షణము! మనవారు దీనికి “గ్యాసు” అని పేరుపెట్టి, సోడా త్రాగి, మరల పనికి పోవుచుందురు. సోడా త్రాగుటకై కూర్చుండిన ఐదు నిమిషముల విశ్రాంతియే నొప్పిని తగ్గించినదని యెరుగక, ఆ ఘనతను సోడాకు కట్టబెట్టుదురు.

పిత్తాశయములోని రాళ్ళవలన కలుగు నొప్పియు ఇట్లే మోసపుచ్చును. నూనె, నేయి హెచ్చుగా గల భోజనము చేసిన పిమ్మట కుడి ప్రక్కటెముకల క్రింద లేచి, కొన్ని గంటలు బాధించి, తరువాత నెలల తరబడి రాకుండ నుండవచ్చును.

యువజనులకు ఊరక కూర్చున్నపుడు రొమ్మున సూదితో పొడిచినట్లయి, ఊపిరి పీల్చిన హెచ్చయి, రెండు మూడు నిమిషములలో పోవు పోటు సాధారణముగా హాని లేనిది. బరువెత్తిన మరునాటి నడుము తీపులును అట్టివే. వీనికై పరీక్షల వెంట పరుగిడ నక్కరలేదు.

కావున నొప్పి తీవ్రతకంటె, అది దేనితో వచ్చి దేనితో పోవుచున్నదను విషయమే ముఖ్యమని నా అభిప్రాయము. గోడమీది క్యాలెండరులో ఆ తేదీ ప్రక్కన వేళయు, ఎంతసేపున్నదియు, అంతకు ముందు తిన్నదియు చేసినదియు గుర్తు వేసికొనుడు. రెండు మూడు వారములలో నొప్పి దూరమగుచున్నచో ఆగవచ్చును. తరచగుచున్నను, నిద్రనుండి లేపుచున్నను, జ్వరముగాని, బరువు తగ్గుటగాని, కన్నులు పచ్చబడుటగాని, మలము నల్లబడుటగాని తోడైనను ఆగరాదు. శ్రమతో వచ్చు రొమ్మునొప్పికి మాత్రము ఈ గడువు లేదు. తొలిసారియే యైనను ఒకటి రెండు దినములలో చూపించుకొనవలెను. అది పదిహేను నిమిషములలో తగ్గకున్నను, చెమటయు ఆయాసమును తోడైనను, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకినను ఆ క్షణమే 108కి ఫోను చేయవలెను. మధుమేహము గలవారికిని, వృద్ధులకును, కొందరు స్త్రీలకును రొమ్మునొప్పి లేకయే ఆయాసముగను నీరసముగను గుండెపోటు రాగలదు. ఇంటిలో అందరి మందులకు వేళ చూచు గృహిణి తన ఆయాసమును “పెండ్లి పనులు కానిమ్ము” అని వాయిదా వేయుట మనకు క్రొత్త కాదు.

ఈ గుర్తులు వేసికొను దినములలో మందుల దుకాణమున నొప్పిమాత్రలు కొని వరుసగా మ్రింగుట మంచిది కాదు. అవి కడుపులో పుండ్లు కలిగింపవచ్చును, మూత్రపిండములను చెరుపవచ్చును. పైగా నొప్పి నడకను కప్పిపుచ్చును.

ఆంగ్లపత్రములను తెనిగించుట నా ఉద్యోగము. అచ్చట “పెయిన్” అను ఒక్క మాట కనిపించినపుడెల్ల నేను తడబడుదును. మనకు పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, తీపు వేరు. పీకుట, గుంజుట, మెలిపెట్టుట వేరువేరు. ఇన్ని మాటలుండియు వైద్యుని యెదుట మనము “నొప్పండి” అని ఊరకుందుము. విశ్రాంతిగా పరుండబెట్టి తీసిన ఇ.సి.జి. ఇట్టి గుండెనొప్పి గలవారిలో సైతము సరిగానే యుండవచ్చును. “మెట్లెక్కినపుడు బరువు పెట్టినట్లుండును, కూర్చున్న పోవును” అని రోగి చెప్పినచో, నడిపించి చేయు పరీక్ష అవసరమా యని వైద్యుడు అప్పుడు ఆలోచించును.