చదువు ఉచితమే, బస్సు ఛార్జీ మాటేమిటి?

ఇంగ్లండు దొరల దేశం గదా, అక్కడ కూలివాళ్ళ పిల్లల చదువుకు ఇబ్బందేముంటుంది? ఈ మాట మన కార్యకర్తల్లోనే కొందరు అంటున్నారు. వాళ్ళకు విగన్ పట్నం సంగతి చెప్పాలి.

ఉత్తర ఇంగ్లండులోని లాంకషైరు బొగ్గు ప్రాంతంలో ఉంది విగన్. బొగ్గు గనులు, నూలు మిల్లులు, వాటి చుట్టూ కార్మికుల ఇళ్ళు. 1857లోనే అక్కడ గనిపని నేర్పే బడి పెట్టారు. కార్మికుడి మీద ప్రేమ కొద్దీ పెట్టారని మేమనుకోం, పని తెలిసిన చేతులు యజమానులకూ కావాలి. ఏమైనా ఆ బడి పెరిగి పెరిగి ఇవాళ విగన్ అండ్ లీ కాలేజీ అయింది. గనులు మాత్రం మిగల్లేదు. దగ్గర్లోని బికర్‌షా గని కూడా 1992లో మూతబడింది. పాత మైనింగ్ కాలేజీ భవనంలో ఇప్పుడు టౌన్ హాలు నడుస్తోంది.

ఇలాంటి కాలేజీలను మన ఐ.టి.ఐ.లతో పోల్చుకోవచ్చు. పదహారేళ్ళకు హైస్కూలు ముగించిన పిల్లలు వీటిలో తాపీపని, కరెంటు పని, మోటారు మెకానిజం, పసిపిల్లల సంరక్షణ లాంటివి నేర్చుకుంటారు. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకు ఫీజు లేదు. ఫీజు లేకపోతే సరిపోతుందా? బస్సెక్కాలి, మధ్యాహ్నం ఏదో ఒకటి తినాలి, పనిబట్టలు, పనిబూట్లు కొనుక్కోవాలి. పైగా ఆ వయసు పిల్లాడు కూలికి పోతే ఇంటికి నాలుగు డబ్బులొస్తాయి. కాలేజీకి పోతే అవీ రావు. నాట్ల రోజుల్లో కొడుకును ఐ.టి.ఐ. మాన్పించిన తల్లికి ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ లెక్క తెలిసే 2004లో దేశమంతటా ఒక భత్యం పెట్టారు. ఇంటి ఆదాయాన్ని బట్టి వారానికి 10, 20, 30 పౌన్లు. ఏడాదికి 20,817 పౌన్లకు మించని ఇంటి పిల్లలకు పూర్తి 30. క్లాసు ఎగ్గొడితే ఆ వారం డబ్బు రాదు. అంటే ఊరికే ఇచ్చిందేం కాదు.

2010లో టోరీలు, లిబరల్ డెమోక్రాట్లు కలిసి గద్దెనెక్కారు. బ్యాంకులు తెచ్చిన సంక్షోభానికి ఖర్చు తగ్గించాలన్నారు. కత్తెర ఎక్కడ పడింది? ఈ 30 పౌన్ల మీద. 2011 జనవరి నుంచి ఇంగ్లండులో కొత్త దరఖాస్తులు ఆపేశారు. దాదాపు 56 కోట్ల పౌన్లు ఖర్చయ్యే చోట 18 కోట్లతో ఒక నిధి పెట్టి, కాలేజీలనే పంచుకోమన్నారు. అంతకు ముందు హక్కుగా అందిన డబ్బు, ఆపైన అడిగి తెచ్చుకునే సాయమైంది.

ఆ పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది భత్యం లేకపోయినా చదివేవాళ్ళేనని మంత్రుల వాదన. కావచ్చు. మధ్యాహ్నం కడుపు మాడ్చుకుని చదివినా చదివినట్టే వాళ్ళ లెక్కలో. మరి ఆ పదో పిల్లాడు ఎవరి కొడుకు? మంత్రిగారి కొడుకైతే కాదు. వింతేమిటంటే, పద్దెనిమిదేళ్ళ దాకా చదువులోనో శిక్షణలోనో ఉండి తీరాలన్న చట్టాన్ని 2015 నాటికి ఇదే ప్రభుత్వం అమలు చేసింది. పోయి తీరాలన్న చట్టాన్ని అమలు చేసినవాళ్ళే పోవడానికి డబ్బు తీసేశారు!

పిల్లలు ఊరుకోలేదు. 2010 చలికాలంలో లండన్ వీధుల్లోకొచ్చిన ఊరేగింపుల్లో విశ్వవిద్యాలయాల వాళ్ళతో బాటు కాలేజీల కుర్రాళ్ళూ, బడిపిల్లలూ నడిచారు. పోలీసులు గంటల తరబడి చలిలో చుట్టుముట్టి నిలబెట్టారు. అయినా భత్యం తిరిగి రాలేదు.

డబ్బు లేక తీసేశామన్న మాటను మాత్రం మేము నమ్మం. విగన్‌కు పెద్ద దూరమేం కాని వేల్సులో ఆ భత్యం ఆగలేదు. 2023లో దాన్ని వారానికి 40 పౌన్లకు పెంచారు కూడా.