గర్భసంచి తీసేశాక కలయికలో నొప్పి.. భరించాల్సిన పని లేదు

మెనోపాజ్‌ తర్వాత వాడే ఈస్ట్రోజెన్‌ మందుల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 నవంబరులో ఓ నిర్ణయం ప్రకటించింది. గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్‌, డిమెన్షియా ముప్పు ఉందంటూ ఈ మందుల సమాచార పత్రాల్లో రెండు దశాబ్దాలకు పైగా నల్లగీతల పెట్టెలో కనిపిస్తున్న తీవ్ర హెచ్చరికలను తొలగిస్తామంది. అమెరికా నిర్ణయంతో మనకేం పని అనిపించొచ్చు. కానీ తెలుగు ఇళ్లలో ఎవరూ పైకి చెప్పుకోని ఒక బాధకు దీంతో నేరుగా సంబంధముంది. అదే కలయిక సమయంలో స్త్రీలకు వచ్చే నొప్పి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8 శాతం. ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు’ అన్న మాట మన దగ్గర అంత తేలికైపోయింది. అనవసర ఆపరేషన్లను అడ్డుకునే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

గర్భసంచి మాత్రమే తీస్తే హార్మోన్లు వెంటనే ఆగిపోవు. దాంతోపాటు రెండు అండాశయాలూ తీసేస్తేనే అసలు చిక్కు. యాభై ఏళ్లకు మెల్లగా రావాల్సిన మెనోపాజ్‌ ముప్ఫై అయిదేళ్లకే ఒక్కసారిగా వచ్చి పడుతుంది. యోని లోపలి పొరను మందంగా, తడిగా, సాగేలా ఉంచేది ఈస్ట్రోజెనే. అది లేకపోతే పొర పలచబడి, పొడిబారుతుంది. కలయికలో మంట, కోసినట్టు నొప్పి వస్తాయి. మూత్రంలో మంట, పదే పదే ఇన్ఫెక్షన్లూ ఇందులో భాగమే. యాంటీబయాటిక్స్‌ మార్చి మార్చి వాడుతున్నా అసలు కారణం బయటపడని వారున్నారు. నొప్పి వస్తుందన్న భయంతో కటి కండరాలు బిగుసుకుంటాయి. దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది. ‘ఆవిడకి ఇష్టం లేదు’ అని భర్త అనుకుంటాడు. ‘నాలోనే ఏదో లోపం’ అని ఆవిడ అనుకుంటుంది. ఇద్దరిదీ పొరపాటే.

దీనికి చికిత్స ఉంది, ఖరీదైనదేమీ కాదు. వారానికి రెండు మూడుసార్లు రాసుకునే యోని మాయిశ్చరైజర్లు, కలయిక సమయంలో నీటి ఆధారిత లూబ్రికెంట్‌ చాలామందికి సరిపోతాయి. (కండోమ్‌ వాడేవారు కొబ్బరినూనె జోలికి పోవద్దు, రబ్బరు దెబ్బతింటుంది.) వీటితో తగ్గకపోతే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్‌ క్రీమ్‌. సాధారణంగా రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు వాడతారు. పూర్తి ఫలితానికి కొన్ని వారాలు ఆగాలి. ఈ క్రీమ్‌ నుంచి రక్తంలోకి చేరే హార్మోన్‌ చాలా తక్కువ. 2002లో అందరినీ భయపెట్టిన అమెరికా అధ్యయనం చూసింది మింగే మాత్రలను, అదీ సగటున 63 ఏళ్ల మహిళల్లో. ఆ హెచ్చరికను క్రీములకూ అంటించడమే తప్పని నా అభిప్రాయం. అలాగని సొంతంగా కొని వాడకూడదు. రొమ్ము క్యాన్సర్‌ వచ్చినవారు తప్పనిసరిగా క్యాన్సర్‌ వైద్యులను అడగాలి. చిన్న వయసులోనే అండాశయాలు పోయినవారికి ఎముకలు, గుండె కోసం ఒళ్లంతటికీ పనిచేసే హార్మోన్‌ చికిత్స కూడా అవసరం కావొచ్చు. బిగుసుకున్న కండరాలను వదులు చేసే ఫిజియోథెరపీ మరో మార్గం.

నొప్పి ఎక్కడో చెప్పడం ముఖ్యం. ముఖద్వారం దగ్గర మంటైతే పొడిబారడమో, ఇన్ఫెక్షనో, కాన్పు కుట్లో కావొచ్చు. పొత్తికడుపు లోతుల్లో నొప్పైతే, నెలసరిలోనూ తీవ్రంగా బాధిస్తుంటే ఎండోమెట్రియోసిస్‌ను అనుమానించాలి. బిడ్డకు పాలిచ్చే తల్లుల్లోనూ ఈస్ట్రోజెన్‌ తగ్గి పొడిబారుతుంది, పాలు మాన్పించాక సర్దుకుంటుంది. మెనోపాజ్‌ తర్వాత గానీ, కలయిక తర్వాత గానీ రక్తం కనిపిస్తే క్రీమ్‌ సంగతి పక్కనపెట్టి ముందు పరీక్ష చేయించుకోవాలి.

గర్భసంచి ఆపరేషన్‌కు సంతకం పెట్టేముందు ‘అండాశయాలూ తీస్తారా, ఎందుకు?’ అని రాతపూర్వకంగా అడగండి. పక్కన భర్త ఉంటే ఇంకా మంచిది.